దొరికిందల్లా సాక్ష్యం కాదు

క్రిమినల్ కేసులో సాక్ష్యమంటే కోర్టు ముందుకు వచ్చి, ఎదుటి పక్షం వేసే ప్రశ్నలకు నిలబడేది. చేలో దొరికిన గొడ్డలి, సీసీ కెమెరాకు చిక్కిన బొమ్మ, స్టేషన్లో నిందితుడు ఒప్పుకున్నాడని చెప్పే మాట అప్పటిదాకా ఉత్త సమాచారం. సంగారెడ్డి జిల్లా జోగిపేట చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా హత్య జరిగితే ఆ సమాచారం చాలా దూరం నడవాలి. పొలం గట్టు మీద బయల్దేరి జోగిపేట ఠాణాకు, ఊళ్లోని మేజిస్ట్రేట్ కోర్టుకు, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లి, చివరికి సంగారెడ్డి సెషన్స్ కోర్టులో దిగుతుంది. ఆ నడకలో ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి మారిందో చెప్పలేని వస్తువు, ఎవరు విన్నారో చెప్పలేని మాట దారిలోనే రాలిపోతాయి.

ఈ నడకకు నియమాలు రాసింది జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ అనే ఆంగ్లేయుడు. ఆయన రూపొందించిన భారత సాక్ష్య చట్టం 1872 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. నిజాం ఏలుబడిలో ఉన్న జోగిపేట ప్రాంతానికి మాత్రం 1951లో గానీ రాలేదు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ నడుస్తోంది. చట్టం పేరు మారింది, సెక్షన్ల అంకెలు మారాయి, ఎలక్ట్రానిక్ ఆధారాల గురించి కొత్త మాటలు చేరాయి. పునాది మాత్రం స్టీఫెన్ వేసిందే. ఆ పునాదికి అర్థం చెప్పిన తీర్పుల్లో తెలుగువాళ్ల కేసులు చాలానే ఉన్నాయి. పాకాల నారాయణస్వామి, పులుకూరి కోటయ్య, పాపరంబాక రోశమ్మ, గాదె లక్ష్మీ మంగరాజు... నోరు తిరగకపోయినా ఢిల్లీ లా విద్యార్థి కూడా ఈ పేర్లు బట్టీ పట్టాల్సిందే.

మొదటి కాగితం

కేసులో మొదటి కాగితం ఎఫ్‌ఐఆర్. అందులో ఉన్నది నిజమని రుజువు చేసే బలం ఆ కాగితానికి లేదు. ఫిర్యాది రేపు కోర్టులో చెప్పే మాట, మొదటి రోజు చెప్పిన మాటతో కలుస్తోందో లేదో చూడటానికే అది పనికొస్తుంది. అందుకే డిఫెన్స్ వకీలు కళ్లు ముందుగా పడేది అందులోని కథ మీద కాదు, గంటల మీద. ఘటన ఎన్నింటికి, ఫిర్యాదు ఎన్నింటికి, ఎఫ్‌ఐఆర్ కాపీ మేజిస్ట్రేట్ చేతికి ఎన్నింటికి చేరింది? మూడో దానికి చాలా ఆలస్యమైతే, మధ్యలో కూర్చుని పేర్లు కలిపారన్న అనుమానానికి తలుపు తెరిచినట్టే. చట్టం ఇప్పుడు ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇచ్చుకోనిస్తోంది. బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన కూలీల కుటుంబాలతో నిండిన పటాన్‌చెరు వైపు ఇది చిన్న సౌకర్యం కాదు.

తర్వాత క్లూస్ టీమ్ వస్తుంది. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలని కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. దాన్ని పూర్తిగా అమలు చేయడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల గడువు ఇచ్చింది. సోదా, స్వాధీనం వీడియో తీయడం మాత్రం తప్పనిసరి. రక్తం అంటిన బట్టను నీడలో ఆరబెట్టి కాగితం కవరులో పెడతారు. ప్లాస్టిక్ సంచిలో పెడితే తేమకు కుళ్లి, అందులోని డీఎన్ఏ పాడవుతుంది. ఇంత చిన్న పని సరిగా చేయక కూలిపోయే కేసులు ఉంటాయంటే పల్లెల్లో నమ్మరు గానీ, ఉంటాయి.

పంచనామా రాసేది ఇక్కడే. శవం ఎలా పడి ఉంది, గాయాలు ఎక్కడ, చుట్టూ ఏమున్నాయి అన్నది ఊళ్లోని పంచుల ఎదుట రాసి సంతకాలు తీసుకుంటారు. పోలీసుల మాటకు బయటివాళ్ల సాక్ష్యం తోడుండాలన్నది దీని ఉద్దేశం. పిలిస్తే వచ్చి అడిగిన చోట సంతకం పెట్టి పోయే పంచులు, మూడేళ్ల తర్వాత బోనెక్కి ‘ఠాణాలో తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నరు సార్’ అనడం కోర్టు గుమస్తాలకు పాత పాటే. వీడియో తప్పనిసరి చేయడానికి ఒక కారణం అదే.

సీసా, సీలు, సంతకం

వస్తువు దొరికిన క్షణం నుంచి ల్యాబ్ బల్ల మీదికి చేరేదాకా ఎవరి దగ్గర ఉంది, సీలు ఎప్పుడు పడింది, ఎప్పుడు విప్పారు అన్న లెక్క తెగకూడదు. ఈ నియమం ఎంత కఠినమో తెలుసుకోవడానికి హత్య కేసుల కన్నా పటాన్‌చెరు కారిడార్ కేసులు బాగా పనికొస్తాయి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం వైపు రసాయన కర్మాగారాలు వచ్చాక నక్కవాగు నీళ్ల రంగు మారిన కథ జిల్లాకంతా తెలుసు. ఆ వాగు పోయి కలిసేది మంజీరలోనే. కలుషిత జలాలు వదిలినందుకు ఫ్యాక్టరీ మీద కేసు పెట్టాలంటే మాత్రం, వాగు ఎర్రబడిందని వెయ్యి మంది చెప్పినా చాలదు. 1974 నాటి జల చట్టం ప్రకారం నమూనా తీసే అధికారి, దాన్ని పరీక్షకు పంపబోతున్నట్టు అక్కడికక్కడే ఫ్యాక్టరీ బాధ్యుడికి నోటీసు ఇవ్వాలి. అతని కళ్ల ముందే నీళ్లను రెండు సీసాల్లోకి పోయాలి. రెండింటికీ సీలు వేసి ఇద్దరూ సంతకాలు చేయాలి. ఇది పాటించకపోతే ల్యాబ్ ఎంత విషం చూపించినా ఆ నివేదిక కోర్టులో చెల్లదు. నీళ్లు అవే, విషం అదే. సీసా మీద సంతకం లేకపోతే చట్టానికి అది కనపడదు. బాధితులకు ఇది అన్యాయంగా అనిపిస్తుంది. అదే నియమం లేకపోతే గిట్టని వాళ్ల మీదికి ఏ సీసా అయినా తెచ్చి చూపించవచ్చు.

మత్తుమందుల కేసుల్లో పట్టింపు ఇంకా ఎక్కువ. కల్లులో కలిపే అల్ప్రాజోలం ఈ జిల్లాకు కొత్త కాదు. పారిశ్రామిక వాడల్లో దాన్ని తయారు చేస్తూ పట్టుబడ్డ ఉదంతాలూ ఉన్నాయి. చట్టం లెక్కలో అల్ప్రాజోలం 5 గ్రాముల దాకా స్వల్ప పరిమాణం, 100 గ్రాములు వాణిజ్య పరిమాణం. గంజాయికి అవి 1 కిలో, 20 కిలోలు. వాణిజ్య పరిమాణమైతే పదేళ్లకు తక్కువ శిక్ష ఉండదు. శిక్ష అంత పెద్దది కాబట్టే విధానం కూడా అంత బిగువు. మేజిస్ట్రేట్ ఎదుట నమూనాలు తీయాలని 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. నిందితుడి ఒంటి మీద వెతకాలంటే, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట సోదా కోరుకునే హక్కు ఉందని అతనికి ముందే తెలియజేయాలి. పట్టుకున్న సరుకు నిజమైనదే అయినా, ఈ ఒక్క మాట చెప్పనందుకు కేసు కొట్టేసిన తీర్పులు ఉన్నాయి.

డీఎన్ఏ పరీక్ష ఈ దేశంలో వేళ్లూనుకున్నది హైదరాబాద్‌లోనే. సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ బృందం 1980ల చివర్లో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు సొంత విధానం తయారు చేసింది. కేరళలోని తలశ్శేరి కోర్టులో ఒక బిడ్డకు తండ్రి ఎవరన్న వివాదంలో దాన్ని సాక్ష్యంగా వాడారు. ఆ పని కోసమే తర్వాత సీడీఎఫ్‌డీ అనే సంస్థ ఏర్పడింది. దీని అవసరం సంగారెడ్డి జిల్లాకు బాగా తెలిసొచ్చింది 2025 జూన్ 30న. పాశమైలారంలోని సిగాచీ ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడులో 50 మందికి పైగా కార్మికులు చనిపోయారు. గుర్తుపట్టలేని శరీర భాగాల ముందు, దూర రాష్ట్రాల నుంచి వచ్చిన తల్లిదండ్రులు, అన్నదమ్ములు రక్త నమూనాలు ఇచ్చి రోజుల తరబడి ఎదురుచూశారు. ఎనిమిది మంది ఆనవాళ్లు అప్పటికీ తేలలేదు. మామూలుగానైతే ఏడేళ్లు కబురు లేని మనిషినే చట్టం చనిపోయినట్టు భావిస్తుంది. ఇలాంటి దుర్ఘటనల్లో ఆ వేళ అతను డ్యూటీలో ఉన్నాడన్న హాజరు పట్టీ, మంటల తీవ్రత వంటి పరిస్థితులే ఆ లోటు పూడ్చాలి. చనిపోయింది ఎవరో తేలితేనే నష్టపరిహారం గానీ, నేరాభియోగం గానీ ముందుకు సాగుతుంది.

నోటి మాటకు ఎంత విలువ

‘పోలీసుల విచారణలో నేరం ఒప్పుకున్నాడు’ అని పేపర్లో వస్తుంది. కోర్టులో ఆ ఒప్పుకోలుకు విలువ సున్నా. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడి మీద వాడకూడదని 1872 నుంచి చట్టం చెబుతూనే ఉంది. దెబ్బకు భయపడి చెప్పిన మాట నిజమో కాదో తేల్చలేమన్న అనుభవం దాని వెనక ఉంది. ఒప్పుకోదలచుకుంటే మేజిస్ట్రేట్ ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకోవాల్సిన పని లేదని, ఒప్పుకుంటే అది తనకే ఎదురు తిరుగుతుందని మేజిస్ట్రేట్ ముందుగానే హెచ్చరించి, ఇష్టంతోనే చెబుతున్నాడని నమ్మకం కుదిరాకే రాసుకోవాలి. మత్తు ఇంజక్షన్లు, లై డిటెక్టర్లతో నిజం రాబట్టే దారినీ 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు మూసేసింది. నిందితుడి ఇష్టం లేకుండా అవి చేయకూడదు.

ఈ గోడలో చట్టమే వదిలిన కిటికీ ఒకటుంది. దాని కొలతలు చెప్పింది పులుకూరి కోటయ్య కేసు. గుంటూరు జిల్లాలో రెండు వర్గాల కొట్లాట, హత్యలు. పులిపాడు చెరువు మూల మీద ఎలా కాపు కాశారో, ఎవరిని కొట్టి చంపారో పోలీసులకు చెప్పిన ఒక నిందితుడు, తన వర్గంవాడు ఇచ్చిన బల్లెం ఊళ్లో ఒకరి గడ్డివాములో దాచానని, వస్తే చూపిస్తానని అన్నాడు. బల్లెం దొరికింది. దొరికింది కాబట్టి మాటంతా సాక్ష్యమే అన్నాయి కింది కోర్టులు. లండన్‌లోని అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్ 1946 డిసెంబరులో అలా కాదంది. గడ్డివాములో ఆయుధం ఉందని, అది ఉన్న చోటు ఇతనికి తెలుసని రుజువైంది అంతే. దాన్ని పట్టుకుని ఫలానా వాణ్ణి పొడిచానన్న ముక్క ఆ కిటికీలోంచి లోపలికి రాదు. కేసును మళ్లీ చూడమని మద్రాసు హైకోర్టుకు తిప్పి పంపింది. ఈనాటికీ తెలంగాణలో ఏ హత్య కేసు ఛార్జిషీటు తీసినా, నిందితుడు దారి చూపగా పంచుల సమక్షంలో ముళ్లపొదలోంచి కత్తి తీశామన్న పంచనామా ఉంటుంది. ఆ ముళ్లపొదలన్నీ ఆ గడ్డివాము సంతతే. నలుగురూ తిరిగే చోట దొరికిందా, దాచిన వాడికి తప్ప తెలియని చోటా అన్న దాని మీద ఆ సాక్ష్యం బరువు ఆధారపడుతుంది.

పాకాల నారాయణస్వామి కేసు అంతకు ముందుది, కథగానూ దానికదే సాటి. పిఠాపురం దివాను దగ్గర పనిచేసే నౌకరు ఒకరు, దివాను కూతురికి 18 శాతం వడ్డీకి మూడు వేల రూపాయలు అప్పిచ్చాడు. ఆమె భర్త నారాయణస్వామి. కాపురం బరంపురంలో. 1937 మార్చి 20న నౌకరుకు ఉత్తరం వచ్చింది. బాకీ తీసుకోవడానికి రమ్మన్నారని భార్యతో చెప్పి, మర్నాడు రైలెక్కాడు. 23న పూరీ స్టేషన్లో మూడో తరగతి పెట్టెలో దిక్కులేకుండా ఉన్న ఇనుప ట్రంకులో ఏడు ముక్కలైన శవం దొరికింది. ఆ ట్రంకును బరంపురంలో కొన్న సంగతి, జట్కాలో స్టేషన్‌కు తీసుకెళ్లిన సంగతి సాక్షులు చెప్పారు. నౌకరు ఇంట్లో అప్పు తాలూకు ఉత్తరాలు, చీటీలు యాభై దాకా బయటపడ్డాయి. ఉరిశిక్ష పడింది. అప్పటికి ఒడిశాకు సొంత హైకోర్టు లేదు గనక పాట్నా హైకోర్టుకు, అక్కణ్ణుంచి ప్రీవీ కౌన్సిల్‌కు అప్పీలు పోయింది.

1939 జనవరిలో లార్డ్ అట్కిన్ ఇచ్చిన తీర్పు రెండు పాఠాలు చెప్పింది. నౌకరు తన ఇంటికి వచ్చి వెళ్లాడని నిందితుడు పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం చెల్లదు. దర్యాప్తులో పోలీసులు రాసుకునే ఏ వాంగ్మూలమూ, సాక్షిదైనా నిందితుడిదైనా, నేరుగా సాక్ష్యం కాదు. భార్యతో నౌకరు అన్న మాట మాత్రం చెల్లుతుంది. ఆ మాట అనేనాటికి అతనికి చావు భయం లేదు, గాయం లేదు. అయినా చావుకు దారితీసిన ప్రయాణం గురించిన మాట కాబట్టి అది మరణ వాంగ్మూలం కిందికి వస్తుంది. ఇంగ్లండులో అలాంటి మాట చెల్లదు, ఇక్కడ చెల్లుతుంది. చెల్లని వాంగ్మూలం తీసేసినా మిగిలిన ఆధారాలు చాలునని అప్పీలును కొట్టేశారు.

కాలిన గాయాలతో ఆసుపత్రిలో ఉన్న కోడళ్లు చెప్పే మరణ వాంగ్మూలాలు తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో చాలాకాలంగా పెద్ద తగువు. చచ్చిపోయిన మనిషిని క్రాస్ ఎగ్జామిన్ చేయడం కుదరదు కదా, ఆ మాటను ఎంతవరకు నమ్మాలి? పాపరంబాక రోశమ్మ కేసులో బాధితురాలికి 90 శాతం కాలిన గాయాలు. మేజిస్ట్రేట్ వాంగ్మూలం రాశారు. రోగి స్పృహలో ఉందని డాక్టరు రాశారు గానీ, మానసికంగా చెప్పగల స్థితిలో ఉందని రాయలేదు. ఆ ఒక్క మాట లేనందుకు 1999లో సుప్రీంకోర్టు వాంగ్మూలాన్ని పక్కన పెట్టింది. మూడేళ్లకే, 2002లో లక్ష్మణ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సూత్రాన్ని కొట్టేసింది. చెప్పే మనిషి స్థితి బాగానే ఉందని రాసుకున్నవారికి నమ్మకం కుదిరితే చాలు, డాక్టరు సర్టిఫికెట్ జాగ్రత్త కోసమే అంది. రెండో తీర్పే సమంజసం. రాత్రి రెండింటికి వార్డులో రాసే చీటీలో ఏ మాట పడిందన్న దాని మీద ఒక ప్రాణం లెక్క తేలకూడదు.

చూసినవాళ్లు లేనప్పుడు

హత్యలన్నీ జనం మధ్యలో జరగవు. చాలా కేసులు పరిస్థితుల సాక్ష్యం మీదే నడుస్తాయి. చివరిసారి ఎవరితో కనిపించాడు, పగ ఏమిటి, ఫోన్ ఏ టవర్ కింద ఉంది, ఆ తర్వాత నిందితుడు ఎక్కడికి మాయమయ్యాడు? వీటిలో దేనికదే చిన్నది. అన్నీ కలిసి నిందితుడే చేశాడన్న ఒక్క దిక్కే చూపాలి, ఇంకో కథకు చోటు ఇవ్వకూడదు అని 1984లో శరద్ బిర్దీచంద్ సర్దా కేసులో సుప్రీంకోర్టు అయిదు సూత్రాలు చెప్పింది. 2020 మేలో వరంగల్ దగ్గర గొర్రెకుంటలో ఒక బావిలో తొమ్మిది శవాలు తేలాయి. మొదట ఆత్మహత్యలనుకున్నారు. కొన్న నిద్రమాత్రలు, సీసీ కెమెరాల్లో రాత్రి సైకిలు మీదో బండి మీదో తిరిగిన మనిషి కదలికలు, అంతకు ముందే కనిపించకుండా పోయిన ఒక మహిళ కథ ఒకదానికొకటి ముడిపడ్డాయి. ఆ అక్టోబరులోనే వరంగల్ కోర్టు నిందితుడికి మరణశిక్ష విధించింది. చూసిన సాక్షి ఒక్కరూ లేరు.

పోలీసు జాగిలం వాసన పట్టి ఫలానా ఇంటి ముందు ఆగిందని ఊరంతా చెప్పుకుంటుంది. గాదె లక్ష్మీ మంగరాజు కేసులో 2001లో సుప్రీంకోర్టు దాని విలువ తేల్చింది. కుక్క పొరబడవచ్చు, దాని సైగను శిక్షకుడు పొరబాటుగా అర్థం చేసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని బోనెక్కించి క్రాస్ చేయలేం. దర్యాప్తుకు దారి చూపనివ్వండి, అంతవరకే.

సీసీ కెమెరా కూడా మాట్లాడదు. దాని తరఫున కాగితం మాట్లాడాలి. డీవీఆర్‌లోంచి పెన్‌డ్రైవ్‌కు ఎక్కించిన బొమ్మ ఏ పరికరంలోంచి, ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ ఉండాలని 2014లో అన్వర్ కేసు, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసు చెప్పాయి. కొత్త చట్టం ఆ సర్టిఫికెట్‌ను రెండు భాగాలు చేసింది. ఒకటి పరికరం చూసుకునే మనిషిది, రెండోది నిపుణుడిది. ఫైలు మారలేదని చూపే హ్యాష్ అంకె కూడా రాయాలి. కిరాణా కొట్టువాడు నెలకోసారి పాత రికార్డింగు చెరిగిపోయేలా పెట్టుకున్న కెమెరా దగ్గరికి పోలీసులు నలభయ్యో రోజు వెళితే, ఏ సర్టిఫికెట్టూ దాన్ని తిరిగి తేదు.

బోనులో

జోగిపేట మేజిస్ట్రేట్ వేయగలిగిన శిక్ష మూడేళ్లకు మించదు. హత్య కేసును ఆ కోర్టు సెషన్స్‌కు అప్పగిస్తుంది. సంగారెడ్డిలో సాక్షులు ఒకటో పీడబ్ల్యూ (ప్రాసిక్యూషన్ సాక్షి), రెండో పీడబ్ల్యూ అని అంకెలుగా మారతారు. కత్తి ఎం.ఓ. (వస్తు సాక్ష్యం) 1 అవుతుంది, పంచనామా ఎగ్జిబిట్ పి. 4 అవుతుంది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ చీఫ్‌లో చెప్పించుకుంటారు, డిఫెన్స్ క్రాస్‌లో కదిలించి చూస్తుంది. సాక్షి ఎదురు తిరిగితే హోస్టైల్‌గా ప్రకటించి ప్రాసిక్యూటరే క్రాస్ చేస్తారు. ఊళ్లో రాజీ కుదిరిందంటే మర్నాటి బోనులో దాని జాడ కనిపిస్తుంది. అలా ఎదురు తిరిగినవాడి మాట మొత్తం చెత్తబుట్టలో పడదు. నమ్మదగిన ముక్క ఉంటే కోర్టు ఏరుకోవచ్చు. సాక్షులు ఎంతమంది అన్న లెక్కా లేదు. నమ్మదగిన సాక్షి ఒక్కరున్నా శిక్ష వేయవచ్చు.

భాషది ఇంకో కథ. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకట రామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారు. ఆ అవమానంలోంచి పుట్టిన కదలిక 1930 మార్చిలో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ దాకా వచ్చింది. అదే జోగిపేట మనిషి ఇవాళ కోర్టులో ‘జర్రంత దూరంల నిలవడ్డ సార్, మొకం కానొచ్చింది’ అంటే, ఎక్కువసార్లు అది ఇంగ్లీషులో వాక్యమై రికార్డుకెక్కుతుంది. ఆ ‘జర్రంత’ ఎన్ని గజాలైందన్న దాని మీద, చీకట్లో మొహం కానరావడం సాధ్యమేనా అన్న వాదన హైకోర్టు దాకా నడవొచ్చు. రాసుకున్నది సాక్షికి చదివి వినిపించాలని నియమం ఉన్నది ఇందుకే. తొందరలో అది మొక్కుబడిగా జరిగిన చోట, సాక్షి చెప్పిందొకటి, తీర్పు చదివిందొకటి అవుతుంది.

సాక్షులయ్యాక జడ్జి నిందితుణ్ణే అడుగుతారు, నీ మీద వచ్చిన ఈ ఆధారాలకు ఏమంటావని. ప్రమాణం ఉండదు. మౌనంగా ఉన్నా అది నేరం ఒప్పుకున్నట్టు కాదు. రుజువు భారం మొదటి నుంచి చివరిదాకా ప్రాసిక్యూషన్‌దే. సహేతుకమైన సందేహం మిగిలితే దాని ఫలితం నిందితుడికి దక్కుతుంది. వేగంగా నడిచిన కేసులూ ఈ కోర్టుల్లోనే ఉన్నాయి. భానూరు ఠాణా పరిధిలో 2023 అక్టోబరులో ఒక అయిదేళ్ల పాపపై జరిగిన అత్యాచారం, హత్య కేసులో సంగారెడ్డి పోక్సో కోర్టు 2024 సెప్టెంబరులోనే మరణశిక్ష విధించింది. అలాంటి శిక్షకు హైకోర్టు ఖరారు తప్పనిసరి. అక్కడ రికార్డంతా మొదటి కాగితం నుంచి మళ్లీ చదువుతారు.

సెషన్స్ తీర్పు చివరి పేజీలో సాక్షుల జాబితా, ఎగ్జిబిట్ల జాబితా, వస్తువుల జాబితా ఉంటాయి. శిక్షా విడుదలా అన్నది చెప్పాక, రక్తం మరకల చొక్కా, ఎం.ఓ. 1 అంకె వేసిన కత్తి వంటివాటిని అప్పీలు గడువు ముగిశాక ధ్వంసం చేయాలని జడ్జి ఒక వాక్యం రాస్తారు. హైకోర్టుకు అప్పీలు గడువు అరవై రోజులు, మరణశిక్షకైతే ముప్పై. అప్పీలు పడితే అది తేలేదాకా ఆ మూట కోర్టు ప్రాపర్టీ గదిలోనే, సీలుతోనే ఉంటుంది.